నివురుగప్పిన నిప్పు



ఒంగోలునుండి మార్కాపురము పోవు త్రోవలో, చీమకుర్తి గ్రానైటు గనులు దాటిన పిమ్మట పొదిలి వచ్చును. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడుటకు ముందు అది నెల్లూరు జిల్లాలోనిది. దాని పడమట నున్న మార్కాపురము కర్నూలు జిల్లాలోనిది. ఆ పొదిలిలో మా పినతల్లిగారి యిల్లున్నది. మొన్నటి వేసవిలో రెండు దినములుండి వత్తమని వెళ్లితిని. నేను వెళ్లిన మరునాటి ఉదయమే ఆ యింట ఒక చిన్న తగవు నడచినది. దానికి కారణము ఒక కంప్యూటరు వెచ్చగా నుండుట.

మా పినతండ్రిగారు ఉపాధ్యాయులు. ఆయన గతించి రెండేండ్లైనది. తాము పనిచేసిన బడులను గూర్చి, ఆ ప్రాంతపు కరవుకాలములను గూర్చి మూడు నోటుపుస్తకముల నిండుగా వ్రాసి పెట్టిపోయినారు. కాగితములు అంచులు చిట్లుచున్నవి కాబట్టి వానిని కంప్యూటరులోనికెక్కింపవలెనని మనుమడు సంకల్పించెను. ఆ కంప్యూటరు నేడు చాల యిండ్ల కనబడు చిన్నరకము. తెర వేరు; అసలు యంత్రము మాత్రము తాంబూలపు పెట్టెకన్న పెద్దది కాదు. దానిపై మా పినతల్లిగారు కుట్టుపని చేసిన గుడ్డ యొకటి కప్పియుంచినారు. వెనుకటి దినములలో రేడియోపైని కప్పిన గుడ్డవంటిదే అది.

ఆ రాత్రి కుర్రవాడు నాలుగు పుటలు టైపు చేసి, నిద్ర ముంచుకొనిరాగా, యంత్రమునకును నిద్ర ఆజ్ఞాపించి పడుకొన్నాడు. తెర ఆరిపోయినది. నడురేయి మా పినతల్లిగారు మంచినీళ్లకు లేచి, చీకటిలో బల్ల పట్టుకొనబోగా చేయి ఆ పెట్టెకు తగిలినది. వెచ్చగా నున్నది. బిడ్డల జ్వరము చూచిన చేయి గదా! అరచేయి త్రిప్పి, వెలుపలి వైపు ఆనించి మరల చూచినారు. సందేహము లేదు. ఇల్లంతయు నిద్రపోవుచుండ ఏదో కాలిపోవునని భయపడి, గోడనున్న ప్లగ్గును ఊడబెరికినారు.

తెల్లవారినది. నాలుగు పుటలు లేవు.

"నాయనమ్మా, నీవెందుకు ముట్టుకొన్నావే?" అని వాడు. "ఆపేసిన దానికి అంత కాక ఎందుకుంటుందిరా? ఇల్లు తగలబడితే ఎవురు జవాబు చెప్పేది?" అని ఆమె. ఆ ఉదయము ఆ యింట కాఫీలు మాటలు లేకుండనే ముగిసినవి. నన్ను మధ్యవర్తిగా నిలువబెట్టినారు. విచారింపగా నాకు తోచినదేమనగా, ఇద్దరిలో ఎవరిదియు తప్పు కాదు. యంత్రము నిద్రించుటయనగా నేమో ఆమెకెవరును చెప్పలేదు. చెప్పవలసిన వానికిని సరిగా తెలియదు. ఈ తగవు ఆ యొక్క యింటిది మాత్రమే కాదు గనుక, నాడు వారికి చెప్పిన మాటలనే కొంత విపులముగా నేడు మీకు మనవి చేయుచున్నాను.

అగ్గిపెట్టె సులభముగా దొరకని కాలమున మన యిండ్లలో రాత్రి వంట ముగిసిన పిమ్మట నిప్పును ఆర్పివేసెడివారు కారు. నాలుగు కణికలపై బూడిద కప్పి ఉంచెడివారు. బూడిద గాలిని అడ్డగించుటచే కణిక రాత్రియంతయు మెల్లమెల్లగా రగులుచుండెడిది. తెల్లవారుజామున ఊదుగొట్టముతో ఊది, రెండు చిదుగులు వేసినచో క్షణములో మంట లేచును. నివురుగప్పిన నిప్పు అను పలుకుబడి అట్లు వచ్చినదే. దానిని చూచి ఆరిపోయినదనుకొనువాడు చేయి కాల్చుకొనును.

కంప్యూటరుకు 'స్లీప్' అని మనము ఇచ్చు ఆజ్ఞ సరిగా ఇట్టిదే. అది యంత్రమును ఆర్పుట కాదు, నివురు కప్పుట. ఉదయమున మీట తాకినంతనే నిన్నటి పుట నిన్నటి వాక్యమువద్దనే తెరచుకొనవలెను గదా. అందుకొరకు లోపల ఒక కణిక రగులుచుండవలెను. ఆ కణిక వేడియే పైకి చేతికి తగులుచున్నది.

లోపల రగులుచున్నదేమి? కంప్యూటరుకు జ్ఞాపకము రెండు విధములు. ఒకటి మార్కాపురము పలకవంటిది. బలపముతో వ్రాసిన అక్షరము తుడిచినదాక అట్లే యుండును. దానికి తిండి అక్కరలేదు, దీపమక్కరలేదు. మనము 'సేవ్' చేసినపుడు వ్రాత పోయి చేరునది ఇట్టి చోటికే. రెండవది పని జరుగుచున్నపుడు వాడు తాత్కాలిక జ్ఞాపకము. దీనినే ర్యామ్ అందురు. ఇది చిల్లికుండల వరుసవంటిది.

పోలిక కొరకు అన్నమాట కాదిది. నిజముగానే అది కారిపోవు పాత్ర. ఒక్కొక్క ట్రాన్సిస్టరుకు ప్రక్కన విద్యుత్తును పట్టి యుంచు మిక్కిలి చిన్న గిన్నె యొకటి యుండును. గిన్నె నిండినచో ఒకటి, నిండనిచో సున్న. ఈ పద్ధతిని అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థలో రాబర్టు డెనార్డు అను ఇంజనీరు 1966లో కనిపెట్టెను. 1968లో దానికి పేటెంటు లభించినది. చౌకయైనది, చిన్నది. కాని గిన్నెలో పోసిన విద్యుత్తు నిలువదు, క్షణములో కారిపోవును. కాబట్టి ప్రతి గిన్నెను చూచి, నిండినదానిని మరల నింపుచుండవలెను. సాధారణముగా 64 మిల్లీసెకన్లకు ఒక పర్యాయము, అనగా సెకనుకు సుమారు 16 మార్లు ఈ నింపుడు జరుగును. చిప్ప వేడి 85 డిగ్రీలు దాటినచో కారుట హెచ్చగును గనుక 32 మిల్లీసెకన్లకే నింపవలెను. 8 గిగాబైట్ల జ్ఞాపకము గల సామాన్యమైన యంత్రములో ఇట్టి గిన్నెలు 6,800 కోట్లకు పైగా నుండును. కుళాయివద్ద బిందెల వరుసలో నిలిచి విసిగిన పొదిలి యిల్లాలికి, అన్ని చిల్లికుండలను రాత్రియంతయు నింపుచు కూర్చున్నవాని అవస్థ నేను వేరుగ వర్ణింపనక్కరలేదు.

నింపువాడు విద్యుత్తు. గోడనుండి తీగ పెరికిన క్షణముననే నింపుట ఆగినది. కుండలు కారిపోయినవి. మా మనుమడు టైపు చేసిన నాలుగు పుటలు పలకపైకి చేరకుండ కుండలలోనే యుండినవి గనుక వానితో పాటే పోయినవి.

ఐతే వేడి ఎక్కడిది? విద్యుత్తు తీగలో పారునపుడు వేడి పుట్టునని, దాని లెక్క యిట్టిదని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జేమ్సు జూల్ 1841లో ప్రకటించెను. దీపమైనచో కొంత శక్తి వెలుగై పోవును. పంకాయైనచో గాలిని కదల్చును. కంప్యూటరు మోసిన బరువేమియు లేదు. అందులోనికి పోయిన విద్యుత్తు దాదాపు అంతయు తుదకు వేడియై వెలుపలికి రావలసినదే. నిద్రలో నున్నపుడు కుండలను నింపుటయే కాక, మీట నొక్కుదురేమోయని కీబోర్డుకు కాపలా యుండుట, గడియారము నడపుట అను చిన్న పనులు కూడ గలవు. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును యంత్రమునకు తగిన కొద్ది వోల్టులకు దించు భాగము కూడ ఎల్లవేళల మేలుకొనియే యుండి కొంత తినివేయును. ఇన్నియు కలిసి, ఆరోగ్యముగా నిద్రించు యంత్రమునకు సామాన్యముగా ఒకటి రెండు వాట్లు చాలును.

రేడియో గల యిండ్లవారికి ఈ సంగతి క్రొత్త కాదు. మా తాతగారి వాల్వు రేడియో మీట త్రిప్పిన పిమ్మట అరనిమిషమునకు గాని పలికెడిది కాదు. లోపలి గాజు బుడ్లలో తీగలు ఎర్రబారి కాగవలెను. దాని నెత్తి వెచ్చగా నుండుటచే చలికాలమున ఇంటిపిల్లి అక్కడనే పడుకొనెడిది. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిన పిమ్మట ఆ కాగుట తప్పినది. ఆనాటి పెట్టె వేడి పలుకుట కొరకైనచో, ఈనాటి పెట్టె వేడి మరువకుండుట కొరకు.

ఐనను ఇదే వేడి పెద్ద కంప్యూటరులో తెలియక, చిన్నదానిలో ఏల తెలియుచున్నది? హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపింపబడి, ఆ తరువాత కంప్యూటర్లు తయారు చేయనారంభించిన నాటి యంత్రములు బీరువాలంతేసి యుండెడివి. వానికి చలువగదులు కట్టెడివారు. పిమ్మట బల్లక్రింది పెట్టెలు వచ్చినవి. అందు ఖాళీ చోటు హెచ్చు, పంకాలు రెండు మూడు. చిన్నరకపు పెట్టెల పరిణామమునకు ఆపిల్ సంస్థవారి మ్యాక్ మినీ మంచి యుదాహరణము. 2005లో వచ్చినపుడది 16.5 సెంటీమీటర్ల చదరము, 5 సెంటీమీటర్ల ఎత్తు. విద్యుత్తును దించు భాగము వెలుపల వేరుగా నుండెడిది. 2010లో ఆ భాగమును లోపలనే చేర్చిరి. 2024 నాటికి పెట్టె 12.7 సెంటీమీటర్ల చదరమునకు తగ్గినది. చోటు తగ్గినకొలది వేడి పోవుటకు గోడల వైశాల్యము తగ్గును. నిద్రలో పంకా ఆగిపోవును. ఇక ఉన్న కొద్ది వేడియు గోడలగుండనే పోవలెను. ఆ గోడలు అల్యూమినియమువైనచో వేడి అంతటను పరచుకొని వెంటనే చేతికి తెలియును. కాబట్టి ఇట్టి పెట్టె కొద్ది గోరువెచ్చగా నుండుట రోగము కాదు, దాని ప్రకృతి.

కాని ఏది గోరువెచ్చన, ఏది జ్వరము? వేసవి రాత్రి పొదిలిలో చేయిని నమ్ముట కష్టము. పగలెల్ల కాగిన మిద్దెపై రాయి నడురేయి కూడ వెచ్చగనే యుండును. అది పగటి వేడిని దాచుకొన్నదే గాని, పుట్టించుచున్నది కాదు, తెల్లవారునప్పటికి చల్లారును. గది 35 డిగ్రీలున్నపుడు ఆ గదిలోని ఏ వస్తువును సామాన్యముగా అంతకన్న చల్లగా నుండదు. అందుచే నేను మా పినతల్లిగారికి ఒక పరీక్ష చెప్పితిని. రాత్రి పడుకొనునపుడు ఆ పెట్టె ప్రక్కన, జానెడు ఎడముగా, ఖాళీ స్టీలు చెంబొకటి ఉంచుడు. తెల్లవారుజామున ముందు చెంబును, పిమ్మట పెట్టెను వెనుచేతితో తాకుడు. రెండును ఒకే తీరుగనున్నచో ఆ వేడి గదిది. పెట్టె కొంచెము హెచ్చుగా, హాయిగా చేయి ఆనించి యుంచునంతగా నున్నచో అది నిద్రయొక్క వేడి, చింత వలదు. చెంబుకును పెట్టెకును స్పష్టమైన భేదము, పగలు పనిచేయునప్పటి వేడియే, తెల్లవారునప్పుడును ఉన్నచో ఆ యంత్రము నిద్రించుటలేదు.

కన్నులు మూసినంత మాత్రమున నిద్ర కాదు గదా! తెర ఆరుట వేరు, యంత్రము నిద్రించుట వేరు. విద్యుత్తు పొదుపు అమరికలలో ఈ రెంటికి వేర్వేరు గడువులుండును. చాలమంది మొదటిదానిని మాత్రము పెట్టి, రెండవదానిని 'ఎన్నడును వలదు' అని విడిచిపెట్టుదురు. అపుడు చీకటి తెర వెనుక యంత్రము తెల్లవార్లు మేలుకొనియే యుండును.

మరియొక కారణము కోడికునుకు. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి కంప్యూటరు నిద్రకు మెట్లు ఏర్పరచి ఒక ప్రమాణమును వెలువరించినవి. అందు తేలిక నిద్ర మొదలు పూర్తి విరామము వరకు గలదు. కాని 2012 ప్రాంతమున మార్పు వచ్చినది. చేతి ఫోనువలె కంప్యూటరు కూడ నిద్రలోనే ఉత్తరములు తెచ్చుకొనవలెను, క్రొత్త మార్పులు దింపుకొనవలెను అను కోరిక కలిగి, మధ్యమధ్య తనంతట తాను లేచి పనిచూచుకొని మరల పడుకొను ఏర్పాటులు చేసిరి. ఈ మెలకువ నిమిషములలో ముగిసినచో చింతలేదు. కాని వెలుపల తగిలించిన డిస్కు, ప్రింటరు, గాలిలో సంకేతములు పంపు కీబోర్డు, ఇంటర్నెట్టు తీగపై ఇంకొక యంత్రము పంపిన పిలుపు, మూయక విడిచిన పాటల పుట, వీనిలో ఏదో యొకటి దానిని మాటిమాటికి లేపుచుండవచ్చును. పసిబిడ్డ గల యింట తలుపు గొళ్లెము చప్పుడు వంటిది.

దీనికి చికిత్స ఓపిక. మొదట అమరికలలో నిద్ర గడువు చూడుడు. నెట్టు పిలుపునకు లేచుట అను అవకాశము అక్కరలేనిచో తీసివేయుడు. పిమ్మట రాత్రికొక తీగ చొప్పున ఊడదీసి చూడుడు. అన్నియు ఒక్కమారే తీసినచో దొంగ యెవడో తెలియదు. ఏ తీగ తీసిన రాత్రి చెంబును పెట్టెయు సరిపోయినవో, అదియే నిద్రాభంగకారి. పైన కప్పిన కుట్టుపని గుడ్డను మాత్రము మొదటి దినముననే తీసివేయుడు. యంత్రము వేడి పోవుటకు గోడలే దారియైనపుడు గుడ్డ కప్పుట వేసవిలో కంబళి కప్పుటయే. లోపలి కెపాసిటర్ల ఆయుస్సు పదేసి డిగ్రీల వేడి పెరిగినకొలది సుమారు సగమగునని ఇంజనీర్లు లెక్కింతురు. ముచ్చటకు కప్పిన గుడ్డ యంత్రమునకు మృత్యువు కారాదు.

ఇక మా పినతల్లిగారి భయము. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. గోరువెచ్చదనము అగ్నికి సూచన కాదు. కాని చేయి పెట్టలేనంత వేడి, కమురు వాసన, నల్లబడిన ప్లగ్గు, వదులై చిటపటలాడు సాకెట్టు కనబడినచో పుటలు పోయినను పోనిండు. గోడవద్ద స్విచ్చి కట్టివేసి విద్యుత్తు పనివానిని పిలువవలెను. అట్టి లక్షణములు లేనపుడు తీగ పెరుకనక్కరలేదు. ఆపదలచినచో యంత్రమును లేపి, వ్రాసినది భద్రపరచి, దాని పద్ధతిలో దానిని పూర్తిగా మూసి, పిమ్మట స్విచ్చి కట్టవలెను.

మనము పెరుకకున్నను, వేసవి గాలివానకు కరెంటు పోవును గదా! కుండలకు ఎవరు పెరికినను ఒకటే. కాబట్టి కరెంటు నమ్మకము లేని చోట కొన్ని యంత్రములలో మరియొక నిద్ర గలదు. దానిని దీర్ఘనిద్ర యనవచ్చును. పడుకొనుటకు ముందు కుండలలోని సమస్తమును పలకపైకి వ్రాసి, అటుపై యంత్రము ఇంచుమించు పూర్తిగా ఆరిపోవును. లేచుటకు కొంత యాలస్యమగును. కాని తీగ పెరికినను నష్టములేదు, తెల్లవారునప్పటికి చెంబువలె చల్లగా నుండును.

ఖర్చు మాట కూడ చెప్పవలెను. ఒక్క వాటు ఏడాది పొడుగున నడచినచో 8.76 యూనిట్లు. నిద్రించుచున్నదనుకొన్న యంత్రము రాత్రికి 10 గంటలు, 10 వాట్ల చొప్పున మేలుకొని యున్నచో ఏడాదికి 36.5 యూనిట్లు. ఒక యింటికి ఇది పెద్ద మొత్తము కాదు. లక్ష యిండ్లలో ఐనచో 36 లక్షల 50 వేల యూనిట్లు, ఎవరికిని పనికిరాక గదులను వేడి చేయుటకే పోవును. ఇందుచేతనే అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో వేచియుండు పరికరము ఒక్క వాటు మించరాదని ప్రతిపాదించినది. ఐరోపావారు 2008లో నియమము చేసి, 2013 నుండి అనేక గృహోపకరణములకు దానిని అర వాటుకు దించిరి. మన దేశమున 2002లో ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ వేయించు నక్షత్రపు గుర్తులను మీరు రిఫ్రిజిరేటర్లపై చూచియే యుందురు. ఆ గుర్తుల వెనుకనున్న యోచనయు ఇట్టి పొదుపే.

ఈ మాటలన్నియు విని మా పినతల్లిగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట "అయితే నాయనా, ఆ కాక మీ బాబాయి రాతదా?" అనిరి. ఔనంటిని. శాస్త్రప్రకారమును అది తప్పు కాదు. ఆ నాలుగు పుటలను నిలుపుటకు వ్యయమైన విద్యుత్తే ఆమె చేతికి తగిలిన వేడిలో కొంత భాగము. ఆమె జ్వరమనుకొన్నది, ఆ పెట్టె మరచిపోకుండుటకు పడుచున్న శ్రమ.

అదృష్టవశమున నోటుపుస్తకము పోలేదు. ఆ సాయంకాలమే మనుమడు మరల కూర్చున్నాడు. ఈమారు ఆమె ప్రక్కన కూర్చుండి చదివి చెప్పుచుండ వాడు కొట్టుచుండెను. మొదటి మారు వాడు చేతివ్రాత పోల్చుకొనలేక తప్పుగా కొట్టిన ఊరి పేర్లు రెండు ఆమె నోట సరియైనవి. నాలుగు పుటలు ఐదైనవి; ఆయన వ్రాయక విడిచిన సంగతి యొకటి ఆమె చెప్పగా అడుగున చేర్చినారు.

నేను బయలుదేరునప్పటికి బల్లపైని గుడ్డ లేదు. యంత్రము ప్రక్కన చెంబొకటి యున్నది. గోడకు ఒక పాత రాతిపలక వ్రేలాడుచున్నది. దానిపై బలపముతో ఆమె చేతివ్రాత: "ముందు దాచు. తరువాత పడుకోబెట్టు."

మీ యిండ్లలోను నేటి రాత్రి ఒకమారు చెంబు పరీక్ష చేసి చూడుడు. సెలవు.